దొరసానికి తోడు

"మిషను ఆ గదిలోంచి తియ్యాల్సిందే," అన్నాడు టైమ్‌కీపరు. సోమవారం నుంచి లెక్కేస్తే ఇది అయిదోసారి.

"తియ్యను," అంది భార్య. ఆవిడ పెదాల మధ్య రెండు గుండుసూదులున్నాయి. వాటిని తప్పించుకుని వచ్చినా మాట గట్టిగానే వచ్చింది.

"అది రోజంతా దడదడలాడుతుంటే నేల అదురుతుంది. నేల అదిరితే స్టాండు అదురుతుంది. స్టాండు అదిరితే తొట్టిలో నీళ్ళు అదురుతాయి. లోపలున్నదానికి మాత్రం ప్రాణం కాదా?"

"ఆరేళ్ళ నుంచి అదురుతూనే ఉంది, ఆరేళ్ళ నుంచి అది పెరుగుతూనే ఉంది. కోటు గుండీ అంత తెచ్చారు. ఇవాళ నా రెండు అరచేతులూ కలిపితే గానీ పట్టదు. ఇప్పుడు కొత్తగా దానికి చెవులొచ్చాయా?"

"మరి దూది? దారప్పోగులు?"

"పైన మూత ఉంది కదండీ."

గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అందుకుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా అబ్బాయ్. మిషను తీసెయ్యమని ఆ ఆల్చిప్ప నీతో ఏమైనా చెప్పిందా?"

"అది చెప్పలేదు గనకే నేను చెబుతున్నానమ్మా," అన్నాడు టైమ్‌కీపరు. టీ గ్లాసు దించి, గోడ గడియారం చూసి, దానితో తన చేతి గడియారం సరిపోయిందని నిర్ధారించుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి ఇంకో మాట అన్నాడు. "ఆదివారం దాకా చూస్తాను. మిషనన్నా వెనకగదిలోకి వెళ్ళాలి, లేకపోతే తొట్టిలో దొరసానినన్నా ఆ రంగుచేపలాయన కొట్టుకి పంపెయ్యాలి. నా కళ్ళముందు అది చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోలేను."

అతను బస్సు డిపోలో ఇరవై ఏడేళ్ళుగా టైమ్‌కీపరు. బస్సు వచ్చిన నిమిషం, వెళ్ళిన నిమిషం రాయడమే పని. ఇంట్లో ఉప్పునీటి తొట్టిని కూడా డిపోలాగే నడిపేవాడు. లైటు తొమ్మిదింటికి వెలగాలి, ఆరున్నరకి ఆరాలి. తొట్టిలో నీళ్ళు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరవదు కాబట్టి, తగ్గిన మేరకు శుద్ధి చేసిన మంచినీళ్ళే పొయ్యాలి. ఆ నీళ్ళలో కాస్త సున్నపు తేట కలిపి చుక్కచుక్కగా పడనివ్వాలి, ఎందుకంటే ఆల్చిప్ప చిప్ప కట్టుకోవడానికి సున్నం కావాలి. ఉప్పు రోజూ కొలవాలి, కాల్షియం వారానికి రెండుసార్లు కొలవాలి. అన్నీ తొట్టి పక్కన గోడకి తగిలించిన చార్టులో గళ్ళు గళ్ళుగా ఉండేవి. ఆరేళ్ళలో ఒక్క గడి ఖాళీ లేదు. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు, చెప్పుకోదగ్గ సంగతే.

నాలుగడుగుల తొట్టి. మధ్యలో రాళ్ళ గుట్ట. గుట్ట మీద, లైటు సూటిగా పడే చోట, నోరు పైకి తెరుచుకుని కూర్చునేది ఆ రాక్షస ఆల్చిప్ప. రెండు చిప్పల మధ్యనుంచి దాని మెత్తటి పెదవి బయటికి పొంగి, కుచ్చులు కుచ్చులుగా పరుచుకునేది. నీలం, నెమలిపచ్చ, మధ్యలో నల్లటి చారలు. దాని పెదవి లోపల కంటికి కనబడని నాచు కాపురముంటుందట. వెలుగు తగిలితే ఆ నాచు వండి పెడుతుంది, ఆల్చిప్ప కూర్చుని తింటుంది. ఈ సంగతి విన్నరోజే అత్తగారు దానికి దొరసాని అని పేరు పెట్టేసింది.

తొట్టికి ఎదురుగా కిటికీ కింద కుట్టుమిషను. వీధంతా ఆవిణ్ణి టైలరమ్మ అంటారు. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం దాకా తల ఎత్తినప్పుడల్లా ఆవిడకి కనబడేది దొరసానే. భర్త రోజుకోసారి కొలిచి చూసేవాడు. ఆవిడ కొలవకుండా రోజంతా చూసేది. గుమ్మంలో ఎవరైనా అడుగుపెడితే ఆ నీడ తొట్టి మీద పడి దొరసాని ఠక్కున సగం మూసుకునేది. తలుపు వైపు చూడకుండానే "రండి, కూర్చోండి" అని టైలరమ్మ అంటుంటే కొత్తగా వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు.

అలాంటిది రెండు వారాలుగా దొరసాని నీడకి ఉలిక్కిపడటం మానేసింది. మూసుకోవడానికి బద్ధకించినట్టు మెల్లగా కదిలేది. పెదవి పూర్తిగా పరుచుకునేది కాదు. ముఖ్యంగా ఎడమవైపు, కుట్టు బిగిసి గుడ్డ ముడుచుకుపోయినట్టు, లోపలికి లాక్కుపోయి ఉండేది. టైమ్‌కీపరు లైటు తగ్గించాడు. తరవాత పెంచాడు. నీళ్ళు మార్చాడు. అన్నీ మళ్ళీ కొలిచాడు. అన్ని గళ్ళూ సరిగ్గానే ఉన్నాయి. ఇక చార్టులో లేనిది మిషను ఒక్కటే కాబట్టి నేరం దాని మీద పడింది.

వెనకగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. మిట్టమధ్యాహ్నం కూడా సూది బెజ్జం కనబడదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు వంటగదిలోంచి దాటుకుని రావాలి. అక్కడికి వెళ్తే పని సగానికి పడిపోతుందని టైలరమ్మకి తెలుసు. దొరసాని వెళ్ళిపోతే ఆ గోడ ఎలా ఉంటుందో కూడా తెలుసు. రెండిట్లో ఏదీ ఒప్పుకోవడానికి ఆవిడకి మనసు రాలేదు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

బుధవారమంతా కుడుతూనే ఆలోచించింది. నిన్నటిదాకా సరిపోయిన చొక్కా ఇవాళ పట్టకపోతే చొక్కాని తిట్టి లాభం లేదు. మధ్యలో ఏం జరిగింది అని అడగాలి. ఉతికారా, ఇస్త్రీ ఎక్కువైందా, మనిషి ఒళ్ళు చేశాడా. ఇరవై రెండేళ్ళుగా వచ్చినవాళ్ళని ఆవిడ అడిగే మొదటి ప్రశ్న అదే. మరి దొరసాని విషయంలో మధ్యలో ఏం జరిగింది?

తోడు వచ్చింది.

ఆ తోడు గొడవ మొదలుపెట్టింది అత్తగారు. రెండు నెలల కిందట ఓ సాయంత్రం తొట్టి వంక చూస్తూ, "పాపం, ఆరేళ్ళుగా ఒక్కతే. పలకరించే దిక్కు లేదు," అంది.

"నానమ్మా, అది ఆల్చిప్ప. దానికి పలకరింపులేంటి? పైగా ఆడా మగా రెండూ అదే," అంది నర్సింగు చదువుతున్న మనవరాలు.

"అయితే మరీ కష్టం. పోట్లాడుకోవడానిక్కూడా ఇంకోళ్ళు లేరు."

అందరూ నవ్వి ఊరుకున్నారు గానీ టైమ్‌కీపరు ఊరుకోలేదు. దొరసాని ఇంటికొచ్చి సరిగ్గా ఆరేళ్ళు నిండిన రోజున, గోధుమరంగు చారలున్న చిన్న ఆల్చిప్పని చేపలాయన కొట్టునుంచి సంచీలో పెట్టుకుని తెచ్చాడు. గంట సేపు నీళ్ళు అలవాటు చేసి, దాని చిన్న రాతిపలకతో సహా దొరసాని పక్కనే కూర్చోబెట్టాడు. రెండూ పక్కపక్కన నోళ్ళు తెరిస్తే తల్లీపిల్లల్లా ఉన్నాయని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. ఆల్చిప్పకి తోడు తెచ్చిపెట్టిన సంసారం ఆ ఊరు మొత్తంలో ఇంకోటి ఉండదు. అతను డిపోలో కూడా చెప్పుకున్నాడు.

గురువారం పొద్దున్న భర్త అటు వెళ్ళగానే టైలరమ్మ మిషను మీద గుడ్డ కప్పింది. సబ్బు లేకుండా మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. గాజుగిన్నెలో తొట్టి నీళ్ళే తీసుకుని, చిన్నదాన్ని పలకతో సహా ఎత్తి అందులో పెట్టింది. సన్నటి కుట్లు విప్పేటప్పుడు వాడే భూతద్దం తెచ్చి కిటికీ దగ్గర కూర్చుంది.

చిప్ప పైనంతా శుభ్రంగానే ఉంది. మెల్లగా తిప్పింది. చిప్ప మీద గరిటెల్లా పొడుచుకొచ్చిన మడతల కింద, నీడలో, తెల్లగా నూక గింజలంత ఏవో ఉన్నాయి. మొదట ఇసుకేమో అనుకుంది. ఒకటి కదిలింది. అద్దం ఇంకాస్త దగ్గరికి తెచ్చింది. గోపురంలా మెలితిరిగిన బుల్లి నత్తలు. అడుగున పలకకి ఆనుకున్నచోట వరసగా దాక్కుని ఉన్నాయి. పక్కనే జిగురు చుక్కలు, వాటి గుడ్లు కాబోలు.

గిన్నె పక్కనపెట్టి తొట్టి దగ్గరికి వెళ్ళింది. గాజుకి చెంప ఆనించి దొరసాని ఎడమవైపు చూసింది. చిప్ప అంచు కింద రెండు తెల్ల గింజలు. పైకి కనబడేవి రెండు. దొరసాని పెద్ద రాతికి అతుక్కుని ఉంది కాబట్టి కిందివి కనబడవు.

ఆవిడకి ముందు భయమేసింది. ఆ వెంటనే, వెనకాలే, ఇంకోటి వచ్చింది. ఎవరూ చూడలేనిది తను చూసింది. ఆ సంతోషాన్ని పంచుకోవడానికి ఇంట్లో అత్తగారు తప్ప ఎవరూ లేరు. పిలిచి అద్దం చేతికిచ్చింది.

"పేలలా ఉన్నాయే," అంది అత్తగారు చాలాసేపు చూసి.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన కూతురు ఫోనులో వెతికి అదే మాట చెప్పింది. "నానమ్మ కరెక్టే. ఆల్చిప్పలకి పేలలాంటివే ఇవి. పగలు అడుగున దాక్కుంటాయి, లైటు ఆరాక పైకొచ్చి తొండం గుచ్చి రసం పీల్చేస్తాయి. కొత్త ఆల్చిప్పల మీద ఎక్కి వస్తాయట."

"పేలయితే దువ్వితే పోతాయిగా," అంది అత్తగారు.

"అలాగే రాశారు. మెత్తటి టూత్‌బ్రష్షుతో రుద్దమని."

చిన్నదాన్ని అప్పుడే రుద్దేశారు. పదకొండు నత్తలు గిన్నె అడుగున రాలాయి. వాటిని పారెయ్యకుండా టైలరమ్మ గుండీలు పోసుకునే మూతలో వేసి ఉంచింది. సాక్ష్యం కావాలి కదా.

టైమ్‌కీపరు ఆరూ పదికి ఇంట్లో అడుగుపెట్టాడు. భార్య టీ బదులు ఆ మూత, భూతద్దం ముందు పెట్టింది. ఒక్కో ముక్కా చెప్పింది, ఏది ముందు చూసిందో అది ముందు, ఏది తరవాత చూసిందో అది తరవాత. అతను మూతని లైటు కిందికి జరుపుకున్నాడు. అద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అన్నాడు చివరికి. జవాబు తెలిసే అడిగాడు.

అత్తగారే అంది. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా కోడలు పట్టింది. పొరపాటు నాది కూడా ఉందిలే, తోడు తోడు అని నేనే అన్నాను."

అతని మొహం ఎర్రబడింది. ఇష్టంగా తెచ్చిన కానుక చేసిన పని ఇది. అలాంటప్పుడు మగవాళ్ళు చేసే పనే అతనూ చేశాడు, వెంటనే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు. చొక్కా చేతులు పైకి లాక్కుని, మూత తీసి, తొట్టిలో భుజం దాకా చెయ్యి పెట్టి దొరసానిని రెండు వైపులా పట్టుకున్నాడు. పట్టుకుని లాగబోయాడు.

"ఆగండి." టైలరమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. ఇరవై అయిదేళ్ళ కాపురంలో అతని చెయ్యి అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. "లాగొద్దు. కింద దారాలున్నాయి."

"ఏం దారాలు?"

"దాని దారాలే. పక్కనుంచి చూస్తే కనబడతాయి. ఆ రాయిని పట్టుకోవడానికి అదే పేనుకుంది. లాగితే దారమొక్కటే రాదండీ, దారం పుట్టినచోటు కూడా ఊడొస్తుంది. గుండీ పట్టుకుని పీకితే గుండీతోపాటు గుడ్డ చిరిగి రాదా? అంతే."

"మరి ఎలా తియ్యాలి?"

"కొయ్యాలి."

అతను చెయ్యి బయటికి తీశాడు. మోచేతి నుంచి నీళ్ళు కారుతుంటే భార్య మొహంలోకి చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు. "నువ్వు కొయ్యి," అన్నాడు.

దారాలు కత్తిరించే చిన్న వంకర కత్తెరని వేణ్ణీళ్ళలో కడిగింది. కూతురు పక్క గాజులోంచి టార్చి పట్టుకుంది. టైమ్‌కీపరు స్టూలు కదలకుండా పట్టుకున్నాడు. టైలరమ్మ ఎడమచెయ్యి చూపుడువేలుని దొరసాని కిందికి పోనిచ్చింది. కంటికి అందని చోట వేలికి అందాయి. గట్టి నూలుదారాల్లాంటివి, బిగుతుగా, ఒకచోటునుంచి విచ్చుకుని రాతిలోకి దిగాయి. ఎటు మెత్తగా ఉందో అటు ఒళ్ళు, ఎటు గరుకుగా ఉందో అటు రాయి. కత్తెర మొనని రాతివైపుకి ఒదిగించి మొదటిది కోసింది. చేతికి చిన్న 'టక్' తెలిసింది. లక్షల దారాలు తెంపిన చెయ్యి అది. అయినా ఆ ఒక్క దారానికి ఆవిడ ఊపిరి బిగబట్టింది.

"ఎన్నయ్యాయి?" అన్నాడు టైమ్‌కీపరు.

"నాలుగు. మాట్లాడకండి."

తొమ్మిదో దారం తెగాక దొరసాని ఆవిడ చేతిలో తేలిగ్గా కదిలింది. రెండు చేతుల మీదా పైకి తీసింది. నీటి అంచు దాటగానే అది గట్టిగా మూసుకుంటూ లోపలి నీళ్ళన్నీ టైమ్‌కీపరు చొక్కా మీదికి చిమ్మింది.

"ఉమ్మింది," అంది అత్తగారు తృప్తిగా. "ప్రాణం గట్టిదేలే."

తొట్టినీళ్ళ బకెట్లో పెట్టి అడుగంతా బ్రష్షుతో తోమారు. ఎడమవైపు మడతలకిందే ఎక్కువున్నాయి. మొత్తం పదిహేడు. గుడ్ల జిగురు కూడా గీకేశారు. తిరిగి పెట్టేటప్పుడు లోపల గాలి చిక్కుకోకుండా నీళ్ళలోనే మెల్లగా అటూ ఇటూ వంచింది, నాలుగు బుడగలు వచ్చాయి. ఈసారి పెద్దరాతి మీద నేరుగా కాకుండా చదునైన పలకొకటి వేసి దాని మీద కూర్చోబెట్టింది. కొత్త దారాలు పలకకి పేనుకుంటే ఇంకెప్పుడు తియ్యాలన్నా పలకతో ఎత్తచ్చు.

శుక్రవారం దొరసాని నోరు తెరవలేదు. టైలరమ్మ ఆ రోజు ఒక కాలరు రెండుసార్లు తప్పు కుట్టింది. కోసింది సరిగ్గానే కోశానా అని చేతివేళ్ళని మళ్ళీ మళ్ళీ అడిగింది. సరిగ్గానే కోశావు అని అవి ప్రతిసారీ చెప్పాయి గానీ దొరసాని చెప్పాలి కదా. శనివారం మధ్యాహ్నం రెండు వేళ్ళ సందంత తెరుచుకుంది. ఆదివారం వచ్చింది, వెళ్ళింది. మిషను మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు ఇంట్లోనే ఉన్న టైమ్‌కీపరు ఎదురుగా అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా దడదడలాడింది.

సోమవారం పొద్దున్న చూస్తే గోడ మీద చార్టులో ఒక గడి ఎక్కువుంది. పైన అతని గుండ్రటి చేతిరాతలో 'నత్తలు' అని, కింద మొదటి వరసలో రెండింటివీ కలిపి 'ఇరవై ఎనిమిది' అని, పక్కన చిన్నగా భార్య పేరు మొదటి అక్షరం. డిపోలో ఎవరు చేసిన పనికి వాళ్ళ అక్షరం వేస్తారు. ఇంటి చార్టులో అతనిది కాని అక్షరం పడటం ఆరేళ్ళలో అదే మొదలు. టైలరమ్మ ఆ రోజు అతని టీలో చక్కెర అడక్కుండానే అరచెంచా ఎక్కువ వేసింది.

గుడ్లలోంచి మళ్ళీ పిల్లలొస్తాయి కాబట్టి మూడురోజులకోసారి రెండింటినీ ఎత్తి తోమడం మొదలుపెట్టింది. రెండోసారి ఆరు దొరికాయి. తరవాత నాలుగు. తరవాత ఒకటి. ఆపైన వరసగా సున్నాలు పడ్డాయి. సున్నా వేసేటప్పుడు టైమ్‌కీపరు పెన్ను కాస్త గట్టిగా నొక్కేవాడు. మూడోవారంలో ఒకరోజు ఎదురింటి టీచరు గుమ్మంలో నిలబడగానే దొరసాని ఠక్కున ముడుచుకుంది. "రండి, కూర్చోండి," అంది టైలరమ్మ తలుపు వైపు చూడకుండానే. ఆ పిలుపులో అంత సంతోషం ఎందుకో టీచరుకి అర్థం కాలేదు.

రెండో నెల చివర్లో చిప్ప అంచు వెంబడి తెల్లటి గీత కనబడింది. పాత చిప్పకి కొత్త అంచుపట్టీ కుట్టినట్టు, సన్నగా, చెక్కు చెదరకుండా. ఆల్చిప్ప మళ్ళీ పెరుగుతోందనడానికి అంతకంటే గుర్తు లేదు. టైమ్‌కీపరు చేపలాయన్ని ఇంటికి పిలుచుకొచ్చాడు. తీసుకెళ్ళమని కాదు, చూడమని.

చేపలాయన వంగి చూసి, పక్కనుంచి చూసి, పలక చూసి, గెడ్డం గోక్కున్నాడు. "పెద్దరాతికి పట్టిందాన్ని తీశారా? దారాలు ఎవరు కోశారు?"

"మా ఆవిడ," అన్నాడు టైమ్‌కీపరు.

రెండే మాటలు. కానీ ఆరేళ్ళ చార్టు చూపించేటప్పుడు కూడా అతని గొంతులో అంత నిండుదనం ఎప్పుడూ లేదు. మిషను దగ్గర కూర్చున్న టైలరమ్మకి వినబడింది. ఆవిడ పాదం పెడలు మీద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"నేను లాగి మూడింటిని పోగొట్టుకున్నానండీ," అన్నాడు చేపలాయన నెమ్మదిగా. "అమ్మా, ఓసారి మా కొట్టుకొచ్చి మావి కూడా చూస్తారా? ఈ నత్తలు అక్కణ్ణుంచే వచ్చుంటాయి. నాకే సిగ్గుగా ఉంది."

"చూస్తాను. ఈ కాలరు పూర్తవనివ్వండి," అంది టైలరమ్మ.

ఆ సాయంత్రం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. టైమ్‌కీపరు కంచంలో కలుపుతూ కలుపుతూ, చిన్నపిల్లాడు బొమ్మ అడిగినట్టు, ఎవరివంకా చూడకుండా అన్నాడు. "చేపలాయన దగ్గర ఊదారంగుదొకటుంది. మనకిస్తానన్నాడు."

"ఇంకో తోడా?" అంది కూతురు.

"నేనేమీ అనలేదు బాబూ," అంది అత్తగారు. "ఈసారి నా నోరు నేను కుట్టేసుకున్నాను."

ముగ్గురూ టైలరమ్మ వైపు చూశారు. అలా చూడాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ముందు అత్తగారికి కూర వడ్డించింది. గిన్నె కింద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"రానివ్వండి," అంది మామూలు గొంతుతో. "కానీ నేరుగా తొట్టిలోకి రాదు. వేరే చిన్న తొట్టి, దానికో లైటు రేపు కొనుక్కొద్దాం. ఆరువారాలు అది అందులోనే ఉంటుంది. ఇక నుంచి తొట్టిలోకి ఏది దిగాలన్నా, రాయైనా, నత్తైనా, చేపైనా, నేను చూశాకే. కొలతలు మీరే చూసుకోండి. నీళ్ళలో చెయ్యి పెట్టేది మాత్రం నేను."